రాయి, కొయ్య, సున్నం: మధుర, కోయంబత్తూరు తెలుగు సీమల్లో అతుకులు, కొలతలు

మధుర నాయక రాజుల కాలంలో, అంటే 1529 నుంచి 1736 వరకు, దక్షిణ తమిళదేశంలో లేచిన కట్టడాల్లో అతుకు నాలుగు రకాలు. రాయిని దాని బరువే పట్టి ఉంచింది. కొయ్యను చీల పట్టి ఉంచింది. ఇటుకను సున్నం పట్టి ఉంచింది. మట్టిని మట్టే పట్టి ఉంచింది. ఇనుప మేకు ఈ నాలుగింటిలో దేనికీ ప్రధానాధారం కాలేదు. ఏ పనికి ఎంత సరుకు కావాలో తేల్చే లెక్క కూడా ఈ అతుకుల నుంచే పుట్టింది. అతుకు మందం మారితే ఇటుకల సంఖ్య మారుతుంది, సున్నం పాలు మారుతుంది, బట్టీకి కావలసిన కట్టెలు మారతాయి, తవ్వవలసిన మట్టి మారుతుంది. అందుకే ఈ ప్రాంతపు నిర్మాణ చరిత్రలో అతుకునూ అంచనానూ కలిపే చూడాలి.

ఈ సీమలో తెలుగువారు

14వ శతాబ్దపు రెండో భాగంలో విజయనగర సేనలు కుమార కంపన నాయకత్వంలో మధురను గెలిచిన తరువాత తెలుగు కుటుంబాలు విడతలు విడతలుగా దక్షిణానికి వచ్చాయి. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలన చేపట్టాక ఈ వలస బలపడింది. రాజ్యాన్ని 72 పాళెయాలుగా, అంటే సామంత సీమలుగా, విభజించి, వాటిలో చాలావాటిని తెలుగు నాయకులకు అప్పగించారు. దళవాయిగా, అంటే సేనానిగా, ఈ ఏర్పాటును నడిపిన అరియనాథ ముదలియారు తమిళుడు. ఆస్థాన భాష తెలుగు. రాజకంబళం నాయకులు, కమ్మవారు, బలిజలు, రెడ్లు మధుర, దిండుగల్లు, కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. కమ్మవారు నల్లరేగడి నేలలు వెతుక్కుని పత్తి పండించారు.

నిర్మాణ చరిత్రకు వీరందరికంటే దగ్గరివారు వడ్డెరలు. తమిళనాట వీరిని ఒడ్డర్లని, బోయర్లని పిలుస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ శ్రామికుల్లో రాతిపని చేసేవారిని కల్లొడ్డర్లని, మట్టిపని చేసేవారిని మణ్ణొడ్డర్లని తమిళులు వేరుచేసి చెబుతారు. బావులు తవ్వడం, చెరువుకట్టలు పోయడం, కొండరాయి చీల్చడం వీరి సంప్రదాయ వృత్తి. కట్టడానికి కావలసిన రాయి, మట్టి మొదట కదిలేది వీరి చేతుల మీదుగానే. ఆ తరువాత శిల్పి, వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ పని అందుకుంటారు.

రాతికి బరువే బంధం

కొండరాయిని చీల్చడంతో రాతిపని మొదలవుతుంది. రాయి పొరను, వాలును చూసి వరుసగా చిన్న గుంటలు కొట్టి, వాటిలో మేకుల్లాంటి ఉలులు దింపి, సమ్మెటతో వంతులవారీగా మోదుతారు. ఒక్క గుంట మీదే బలమంతా పడితే రాయి అడ్డంగా పగులుతుంది. అన్ని ఉలులకూ దెబ్బ సమానంగా అందితే గీసిన గీత వెంట విచ్చుకుంటుంది. దెబ్బకు రాయి పలికే శబ్దం మారగానే అది విడబోతోందని వడ్డెర పోల్చుకుంటాడు.

ఇలా తీసిన రాతిని స్తంభంగా, దూలంగా, కప్పు పలకగా చెక్కి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. మధుర మీనాక్షి ఆలయంలో 16వ శతాబ్దపు రెండో భాగంలో అరియనాథుడు కట్టించిన వేయికాళ్ల మండపంలో 985 స్తంభాలున్నాయి. తిరుమల నాయకుడు (పాలన 1623–1659) ఆలయానికి తూర్పున కట్టించిన పుదుమండపం పొడవు 333 అడుగులు, వెడల్పు 105 అడుగులు. ఇలాంటి మండపాల్లో స్తంభం తలపై బోదిక, బోదిక మీద దూలం, దూలం మీద కప్పు పలకలు కూర్చుంటాయి. స్తంభం కొసన చెక్కిన చిన్న రాతి బొడిపె పైరాతి గుంటలో ఇమిడి, రాయి పక్కకు జరగకుండా ఆపుతుంది. బరువు మోయడం ఆ బొడిపె పని కాదు. పైనున్న కప్పు బరువే కింది అతుకులన్నిటినీ బిగించి ఉంచుతుంది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది కాని వంపును తట్టుకోలేదు. రాతి దూలాన్ని మరీ దూరంగా ఉన్న రెండు స్తంభాల మీద వేస్తే అడుగుభాగం సాగి, పగిలిపోతుంది. అందుకే స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపారు. నడిమి దారి వెడల్పుగా కావలసిన చోట బోదికలను రెండువైపుల నుంచి మెట్లు మెట్లుగా ముందుకు జరిపి, దూలానికి మిగిలే ఖాళీని తగ్గించారు. నాయకుల మండపాల్లో కనిపించే యాళి స్తంభాలు, ముందుకు చొచ్చుకొచ్చిన పెద్ద బోదికలు అలంకారమే కాక ఈ పనీ చేస్తాయి.

రాతి అంచనాలో ఘనపరిమాణంతో పాటు ఏకశిల పొడవునూ చూసుకోవాలి. పుదుమండపానికి తూర్పున తిరుమల నాయకుడు మొదలుపెట్టి ముగించలేకపోయిన రాయగోపురం దీనికి మంచి ఉదాహరణ. దాని ద్వారబంధాల రాళ్లు సుమారు 60 అడుగుల పొడవున్న ఏకశిలలు. ఈ కొండరాయి ఘనపుటడుగుకు దాదాపు 75 కిలోలు తూగుతుంది. అంటే 60 అడుగుల రాతిలో అడ్డుకోత ప్రతి చదరపు అడుగుకు నాలుగున్నర టన్నుల బరువుంటుంది. అదే ఘనపరిమాణం చిన్న రాళ్లుగా దొరకడం సులువు. పగులు లేని ఒకే పొడవు రాయి దొరకడం, దాన్ని విరగకుండా తెచ్చి నిలబెట్టడం కష్టం. రాతి కట్టడపు ఖర్చును తేల్చేది ఈ కష్టమే.

కొయ్యకు చీల

కొయ్య అతుకులకు దక్షిణాది శిల్పశాస్త్రాల్లో ప్రత్యేక స్థానముంది. మానసారం, మయమతం రెండూ సంధికర్మకు, అంటే కొయ్యలు కూర్చే పనికి, ఒక్కో అధ్యాయం కేటాయించాయి. రెండు కొయ్యలు ఒకే అతుకుతో కలిస్తే అది మల్లలీల. ముక్కలూ అతుకులూ పెరిగేకొద్దీ బ్రహ్మరాజం, వేణుపర్వం, పూగపర్వం, దేవసంధి అని పేర్లు మారతాయి. వేణుపర్వమంటే వెదురు కణుపు, పూగపర్వమంటే పోకచెట్టు కణుపు. చెట్టు తన కణుపుల దగ్గర ఎలా పెరుగుతుందో చూసి అతుక్కు పేరు పెట్టిన తీరు ఇది. స్తంభాల అతుకుల్లో మేషయుద్ధం ఒకటి. రెండు పొట్టేళ్లు తలలు ఢీకొన్నట్టు రెండు కొయ్యలు ఎదురెదురుగా కలిసి, నడుమ చెక్కిన నాలుకతో పెనవేసుకుంటాయి.

వడ్రంగి చేతిలో ఈ శాస్త్రం సాదా పనిగా కనిపిస్తుంది. ఒక కొయ్య చివరను నాలుకలా చెక్కుతాడు. రెండో కొయ్యలో దానికి సరిపడే బెజ్జం తొలుస్తాడు. నాలుకను బెజ్జంలో దించి, రెండిటికీ అడ్డంగా రంధ్రం చేసి కొయ్య చీల కొడతాడు. రెండు కొయ్యల్లో రంధ్రాలను వెంట్రుకవాసి ఎడంగా తొలిస్తే, చీల దిగేకొద్దీ అతుకు తనంత తాను బిగుసుకుంటుంది. కొయ్య వానకాలంలో ఉబ్బి, ఎండకాలంలో ముడుచుకుంటుంది. చీలా కొయ్యే కాబట్టి దూలంతో పాటు ఉబ్బి ముడుచుకుంటుంది. ఇనుప మేకు అలా కదలదు. పైగా చెమ్మకు తుప్పుపట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న కొయ్యను చీలుస్తుంది. నిలువుగా వాడే కొయ్యను చెట్టు మొదలు కిందికి, కొస పైకి ఉండేలా నిలపాలన్నది శాస్త్ర నియమం.

పల్లె ఇళ్లలో ఇంత చెక్కుడు ఉండదు. తాటిచెట్టును నిలువునా చీల్చి వాసాలుగా వేసి, వెదురు బద్దలు పరిచి, తాటినారతోనో కొబ్బరి తాడుతోనో కట్టేవారు. తడిపి కట్టిన నార ఎండి బిగుసుకుంటుంది. గాలివాన వచ్చినప్పుడు కట్టు కొద్దిగా సాగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. నార కుళ్లితే కొత్త నార వేస్తారు. వాసం మాత్రం చాలాకాలం మన్నుతుంది.

ఇటుకకు సున్నం

మధుర నగరంలో తెలుగు రాజుల పేరు నిలబెట్టిన కట్టడం తిరుమల నాయక మహల్. 1636లో పూర్తయిన ఈ భవనానికి ప్రాణం ఇటుక, సున్నం. విశాలమైన అంగణం చుట్టూ సుమారు 40 అడుగుల ఎత్తు స్తంభాలు, వాటిని కలుపుతూ పూరేకుల వంటి ఆర్చీలు ఉన్నాయి. అంగణానికి ఒక పక్కనున్న స్వర్గవిలాసం మీద పెద్ద గుమ్మటం లేచింది. ఈ గుమ్మటానికి ఇనుప దూలం గాని కొయ్య దూలం గాని ఆధారం లేదు. ప్రతి వరుస ఇటుక పక్క ఇటుకను నొక్కుతూ, మొత్తం బరువును కిందున్న ఆర్చీలకు, అక్కడినుంచి స్తంభాలకు దించుతుంది. రాతి మండపానికి చేతకాని వెడల్పును ఇటుక, సున్నం ఈ విధంగా సాధించాయి.

సున్నం తయారీ పెద్ద పని. సున్నపురాయిని గాని గవ్వలను గాని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి కాల్చాలి. మలినాలు లేని 100 కిలోల రాయి కాలితే 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. దానికి 18 కిలోల నీరు పట్టి 74 కిలోల తడి సున్నమవుతుంది. అది గోడలో చేరాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్నే సున్నం గోడలో తిరిగి తెచ్చుకుంటుంది.

తడిపిన సున్నాన్ని ఇసుకతో కలిపి గుండ్రటి గాడిలో వేసి, ఎద్దులు లాగే రాతిచక్రం కింద నలిపితే వచ్చేది డంగు సున్నం. ఎంత నలిగితే అంత జిగురు. దీనికి కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు కలిపేవారు. నునుపైన పైపూతకు గవ్వసున్నం వాడి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి, గులకరాయితో రుద్ది అద్దంలా మెరుపు తెచ్చేవారు. చెమ్మ తగిలే చోట ఇటుకపొడి చేరిస్తే సున్నం తడిలోనూ గట్టిపడుతుంది. మహల్ గోడల మీద పువ్వులు, లతలు, బొమ్మలు రాతిలో చెక్కినవి కావు. తడి గచ్చులో మలిచినవి.

సున్నపు అతుకు సిమెంటంత గట్టిది కాదు, అదే దానికి మేలు చేసింది. గోడ కాస్త కుంగితే సున్నం సన్నని బీటలుగా సర్దుకుంటుంది. ఆ బీటల్లోకి దిగిన నీటిలో కొద్దిగా సున్నం కరిగి, మళ్లీ పేరుకుని సందును పూడుస్తుంది. గోడలోని చెమ్మ పైపూత గుండా బయటికి ఆరిపోతుంది.

అతుకులకు ఎదురైన పరీక్ష

తిరుమల నాయకుని మనవడు చొక్కనాథ నాయకుడు (పాలన 1659–1682) రాజధానిని తిరుచిరాపల్లికి మార్చి, అక్కడ తన భవనం కోసం మధుర మహల్‌ను ఊడదీయించాడు. అప్పుడు ఏ అతుకు ఎలాంటిదో తేలిపోయింది. చీల తీస్తే కొయ్యపని చెక్కుచెదరకుండా విడివడుతుంది, మరోచోట మళ్లీ కూర్చుకోవచ్చు. మహల్‌లోని కొయ్య శిల్పాలూ విలువైన అలంకారాలూ అలా వెళ్లిపోయాయి. ఇటుక, సున్నం కలిసి ఒకే ముద్దగా మారిన గుమ్మటాలను విప్పడం సాధ్యం కాదు, పగలగొట్టవలసిందే. పగలగొడితే చేతికొచ్చేది రద్దు మాత్రమే. మూల భవనంలో నాలుగో వంతు మాత్రమే నేటికి మిగిలిందని చెబుతారు. ఆ మిగిలినదంతా విప్పడానికి వీలులేని భాగమే. 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ నేపియర్ పూనికతో ఆ భాగానికి మరమ్మతులు జరిగాయి.

ఇనుము వాడిన చోటు

మేకుల వాడకం తక్కువగా ఉండటానికి కారణం ఇనుము కొరత కాదు. కొంగునాడు పాతకాలం నుంచీ ఇనుముకు పేరుపొందింది. నొయ్యలు నది ఒడ్డున, ఒకప్పటి కోయంబత్తూరు జిల్లాలో భాగమైన కొడుమణల్ తవ్వకాల్లో రెండువేల ఏళ్ల కిందటి ఇనుప కొలుముల ఆనవాళ్లు దొరికాయి. బొగ్గుతో కరిగించి, దాగలి మీద సాగగొట్టిన ఆ ఇనుమును కమ్మరి ముఖ్యంగా నాగటి కర్రులకు, కత్తులకు, ఉలులకు, గడ్డపారలకు వాడాడు. ఇంటికి సంబంధించినంతవరకు అతని పని తలుపుతోనే ముగుస్తుంది. తలుపు రెక్కల మీద గుండ్రటి తలల బొడిపె మేకులు, మూల పట్టీలు, కీలు, గడియ, గొలుసు అతను చేసినవే. తలుపు నిత్యం తెరిచి మూసే వస్తువు, కదిలే అతుకుకు ఇనుమే తగినది. దూలం కదలకూడని వస్తువు కాబట్టి దానికి కొయ్య చీలే నప్పింది.

చేత్తో కొట్టిన ప్రతి మేకుకూ ఒకసారి కొలిమి ఎక్కవలసిందే. అందువల్ల మేకు విలువైన సరుకు. పాత తలుపు చెడితే మేకులను పీకి, సరిచేసి, మళ్లీ వాడేవారు. యంత్రాలపై తయారైన తీగ మేకులు 19వ శతాబ్దం చివర వచ్చేదాకా ఈ పరిస్థితి మారలేదు.

కోలు, మూర, అంగుళం

అంచనాకు మొదటి మెట్టు కొలమానం. శిల్పశాస్త్రాల లెక్కలో ఎనిమిది యవలు ఒక అంగుళం, 24 అంగుళాలు ఒక హస్తం, అంటే మూర. పనిని బట్టి 25, 26, 27 అంగుళాల మూరలూ ఉన్నాయి. మేస్త్రీ చేతిలోని కోలు ఈ మూరకు సరిపోయే కొయ్యబద్ద. కట్టడమంతా ఒకే కోలుతో సాగాలి. స్తంభం మందం నిర్ణయమైతే దాని ఎత్తు, బోదిక పొడవు, దూలం లోతు, స్తంభాల నడుమ ఎడం అన్నీ ఆ మందానికి నిష్పత్తిలో తేలతాయి. దీంతో అంచనా తేలికైంది. ఒక స్తంభానికి, స్తంభాల నడుమ ఒక గడికి ఎంత రాయి పడుతుందో తెలిస్తే, మండపానికి ఎన్ని గడులో లెక్కించి హెచ్చవేయడమే మిగులుతుంది. 985 స్తంభాల మండపాన్ని కూడా కాగితం మీద పెద్ద పటం లేకుండానే అంచనా వేయడానికి ఈ నిష్పత్తులు వీలిస్తాయి.

ఇటుక గోడకు అంచనా వేరు. ఇక్కడ అతుకు మందం ముఖ్యం. పాతకాలపు ఇటుకలు పలుచనివి, వాటి నడుమ సున్నపు పొర, అంటే దరి, మందమైనది. ఉదాహరణకు 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న ఇటుకను అర అంగుళం దరితో కడితే, గోడలో దాదాపు 37 శాతం సున్నమే ఉంటుంది. నేటి 19 సెంటీమీటర్ల ఇటుకను ఒక సెంటీమీటరు దరితో కడితే ఈ పాలు సుమారు 23 శాతం. అంటే పాత గోడ నూరు ఘనపుటడుగులకు 37 ఘనపుటడుగుల తడి సున్నం కావాలి. కలిపినప్పుడు సున్నం, ఇసుక కుదించుకుపోతాయి కాబట్టి పొడి సరుకు అందుకు దాదాపు మూడోవంతు ఎక్కువ సమకూర్చుకోవాలి. ఒక పాలు సున్నానికి రెండు పాళ్ల ఇసుక చొప్పున, సుమారు 16.5 ఘనపుటడుగుల సున్నం, 33 ఘనపుటడుగుల ఇసుక అవుతుంది. మహల్ వంటి భవనానికి ఇటుక బట్టీతో సమానంగా సున్నపు బట్టీ ఎందుకు మండవలసి వచ్చిందో ఈ లెక్క చెబుతుంది.

తెప్పకుళం చెప్పే లెక్క

మధురకు తూర్పున వండియూరు మారియమ్మ తెప్పకుళం ఉంది. 1645 నాటి ఈ కోనేరు దాదాపు 1000 అడుగుల పొడవు, 950 అడుగుల వెడల్పు. నడుమ మండపంతో ఒక దీవి, చుట్టూ రాతి మెట్లు, వైగై నుంచి నీరు వచ్చే కాలువలు ఉన్నాయి. మహల్ ఇటుకల కోసం మట్టి తీసిన గుంతనే తిరుమల నాయకుడు కోనేరుగా తీర్చాడని మధుర ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటారు. తవ్వకంలో దొరికిందని చెప్పే పెద్ద వినాయక విగ్రహం మీనాక్షి ఆలయంలో ముక్కురుణి పిళ్లయారుగా పూజలందుకుంటోంది.

ఈ ఐతిహ్యం లెక్కకు నిలుస్తుంది. 1000 అడుగుల పొడవు, 950 అడుగుల వెడల్పున ఒక్క అడుగు లోతు తవ్వితే 9,50,000 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. అచ్చులో పోసిన పచ్చి ఇటుక ఎండి కాలేసరికి ప్రతి వైపు పదోవంతు కుదించుకుంటుందనుకుంటే, పరిమాణంలో 73 శాతం మిగులుతుంది. పైన చెప్పిన కొలత ఇటుకలు ఘనపుటడుగుకు 36 వస్తాయి. ఈ చొప్పున ఒక్క అడుగు లోతు మట్టికి దాదాపు రెండున్నర కోట్ల ఇటుకలు. దీవినీ, విరిగినవాటినీ, పనికిరాని మట్టినీ తీసేసినా రెండు కోట్లు మిగులుతాయి. ఆ కథ నిజమైతే, తవ్విన గుంత ఊరికి నీటి కొలను అయింది, తీసిన మట్టి రాజుకు మహల్ అయింది. ఒకే తవ్వకానికి రెండు ఫలితాలు రాబట్టిన ఈ ముందుచూపు నేటి మట్టి గుంతల్లో అరుదుగా కనిపిస్తుంది.

మట్టిపనిలో సాక్షి

తవ్విన మట్టి కట్ట మీదికి చేరాక దాన్ని కొలవడం కష్టం. వదులు మట్టి పొంగుతుంది, తొక్కితే కుంగుతుంది. అందుకే కొలత గుంతలో తీసుకుంటారు. వడ్డెరలు మట్టి తీసేటప్పుడు అక్కడక్కడా పాత నేలమట్టం దాకా చిన్న మట్టి దిబ్బలను తవ్వకుండా వదులుతారు. తవ్వకానికి ముందు నేల ఎంత ఎత్తున ఉందో ఆ దిబ్బలే సాక్ష్యం. వాటి ఎత్తుల సగటును గుంత పొడవు, వెడల్పులతో హెచ్చవేస్తే చేసిన పని పరిమాణం వస్తుంది, కూలి దాన్ని బట్టి తేలుతుంది. కొలత ముగిసేదాకా సాక్షి దిబ్బను ముట్టుకోకూడదు.

కోయంబత్తూరు సీమలో వాన తక్కువ, ఏడాదికి 600 నుంచి 700 మిల్లీమీటర్లు. పత్తి రైతుకు బావే దిక్కుగా ఉండేది. ఆ బావులు మట్టి దాటి రాతిలోకి దిగుతాయి. 30 అడుగుల చదరంలో 40 అడుగుల లోతు బావి తవ్వితే 36,000 ఘనపుటడుగుల నేల బయటికి రావాలి. పగలగొట్టిన రాయి దాదాపు ఒకటిన్నర రెట్లు పొంగుతుంది కాబట్టి, అదంతా రాయే అయితే, గుట్ట 54,000 ఘనపుటడుగులకు చేరుతుంది. ఆ రాయి ఒరలకు, పునాదులకు, పొలం గట్లకు పనికొచ్చేది. కమ్మవారి వ్యవసాయం, వడ్డెరల శ్రమ కలిసి కోయంబత్తూరు పల్లెల రూపాన్ని దిద్దాయి.

మట్టికి మట్టే అతుకైన కట్టడాల్లో పాళెగాళ్ల కోటలు గొప్పవి. మధుర రాజ్యపు దక్షిణ కొసన, తెలుగు నాయకుడు కట్టబొమ్మని పాంచాలంకురిచి కోట పూర్తిగా మట్టితో కట్టినది. దాని పొడవు వైపులు సుమారు 500 అడుగులు, వెడల్పు వైపులు సుమారు 300 అడుగులు, గోడ ఎత్తు దాదాపు 12 అడుగులని, మట్టి చాలా జిగటైన గట్టి మట్టి అని 1801 ముట్టడిలో పాల్గొన్న ఆంగ్ల సైనికాధికారి జేమ్స్ వెల్ష్ రాశాడు. 1799లో ఆంగ్లేయులు నేలమట్టం చేసిన ఈ కోటను 1801లో కట్టబొమ్మని తమ్ముడు ఊమైదొర మనుషులు కొద్ది రోజుల్లోనే తిరిగి లేపారు. రాతి కోట అయితే అది సాధ్యమయ్యేది కాదు. సరుకు పాదాల కిందే ఉండటం, అతుక్కు నీళ్లు తప్ప మరేదీ అక్కరలేకపోవడం దీనికి కారణాలు.

మిద్దె, పెంకు, బోల్టు

బ్రిటిష్ పాలనలో పాత అతుకులు కొన్ని కొత్త రూపాల్లో కొనసాగాయి. పట్టణపు ఇళ్లలో మద్రాసు మిద్దె వ్యాపించింది. టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా, డంగు సున్నంతో పేర్చేవారు. పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, ఆడకూలీలు వరుసగా కూర్చుని కొయ్య బడితెలతో రోజుల తరబడి కొట్టేవారు. కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ కొట్టిన ఆ పొర మీద చదును పెంకులు పరిచేవారు. 6 అంగుళాల పొడవు, అంగుళం మందం ఉన్న ఇటుకను పావు అంగుళం దరితో నిలువుగా పేరిస్తే, నూరు చదరపుటడుగుల మిద్దెకు సుమారు 1,840 ఇటుకలు పడతాయి.

ప్రజాపనుల శాఖ ఏర్పడ్డాక అంచనా కాగితం మీదికి వచ్చింది. పొడవు, వెడల్పు, ఎత్తు వేర్వేరు గడుల్లో రాసి, తలుపులూ కిటికీల ఖాళీలు తీసివేసి, చివరి గడిలో పరిమాణం చూపే పద్ధతి స్థిరపడింది. ఇటుకపనిని నూరు ఘనపుటడుగులకు, మట్టిపనిని వెయ్యి ఘనపుటడుగులకు లెక్కగట్టారు. చేసిన పనిని నమోదు చేసే కొలతల పుస్తకం ‘ఎం.బుక్’ అనే పేరుతో నేటికీ ప్రతి కాంట్రాక్టరుకూ తెలుసు. మెట్రిక్ కొలతలు వచ్చాక ఘనపు మీటరుకు 500 ఇటుకలన్న లెక్క వాడుకలోకి వచ్చింది.

కోయంబత్తూరులో 1888లో రాబర్ట్ స్టేన్స్ పెట్టిన నూలు మిల్లుతో, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్‌తో, 1930ల్లో పైకారా జలవిద్యుత్తు అండతో లేచిన మిల్లులతో కట్టడం తీరు మారింది. పత్తి పండించిన తెలుగు కుటుంబాలు కొన్ని మిల్లు యజమానులయ్యాయి. యంత్రాలు అదిరే షెడ్డుకు పెద్ద వెడల్పు కావాలి, నడుమ స్తంభాలు అడ్డు రాకూడదు. ఇక్కడ ఇనుప కోణాలను రివెట్లతో, బోల్టులతో బిగించిన ట్రస్సులు అవసరమయ్యాయి. కాల్చిన రివెట్టు చల్లారుతూ కుదించుకుని రెండు పలకలనూ పట్టేస్తుంది. బోల్టు నట్టు బిగింపుతో పట్టుకుంటుంది, కావాలంటే విప్పుకోవచ్చు. కొయ్య చీలకు ఉన్న గుణం బోల్టులో తిరిగి కనిపిస్తుంది. ట్రస్సుల మీద మంగుళూరు పెంకులు వచ్చాయి. 1860ల్లో బాసెల్ మిషన్ మంగుళూరులో పెట్టిన కర్మాగారంతో వ్యాపించిన ఈ పెంకుకు అడుగున బొడిపె ఉంటుంది. అది రీపరును పట్టుకుంటుంది, మేకు అక్కరలేదు. నూరు చదరపుటడుగులకు సుమారు 150 పెంకులు చాలు.

1930ల్లో కోయంబత్తూరు పక్కనే మధుక్కరైలో సిమెంటు కర్మాగారం వచ్చింది. గానుగ తిప్పే ఎద్దులు, కరక్కాయ ఊట, నెలల తరబడి ఆరే గోడలు క్రమంగా కనుమరుగయ్యాయి. ఏళ్లు పట్టే గట్టిదనం 28 రోజుల్లో చేతికొచ్చింది.

మరమ్మతు నేర్పే పాఠం

పాత కట్టడాన్ని బాగుచేయాలంటే పాత అతుకునే పాటించాలి. సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక ఇటుకను తినేస్తుంది. మెత్తని సున్నం నడుమ గట్టి సిమెంటు దరి పెడితే, గోడ కుంగినప్పుడు పగిలేది దరి కాదు, ఇటుకే. రాతి అతుకులో ఇనుప కడ్డీ దూర్చితే తుప్పు ఉబ్బి రాతినే చీలుస్తుంది.

2018 ఫిబ్రవరి 2న మీనాక్షి ఆలయంలోని వీరవసంతరాయ మండపంలో అగ్నిప్రమాదం జరిగింది. వేడికి రాతి స్తంభాలు, దూలాలు పగిలి, కప్పు కూలింది. రాతి కట్టడంలో ప్రతి భాగమూ మరో భాగం బరువు మీద ఆధారపడుతుంది కాబట్టి ఒక దూలం విరిగితే దాని మీది పలకలన్నీ దిగిపోతాయి. పునర్నిర్మాణంలో పాత కొలతలకు సరిపోయే పగులు లేని పెద్ద రాళ్లు దొరకడమే కష్టమైంది. చివరికి వాటిని నామక్కల్ జిల్లా క్వారీల నుంచి తేవలసి వచ్చింది, పని ఏళ్ల తరబడి సాగింది. ఆనాడు రాయగోపురం ద్వారబంధాలకు 60 అడుగుల రాతిని తెచ్చినవారు ఎదుర్కొన్న చిక్కే ఇది.

మధుర మండపాల పేర్లలో రాజులు మిగిలారు. రాయి చీల్చి మట్టి మోసిన తెలుగు వడ్డెరల పేర్లు, సున్నం నలిపిన, చీల కొట్టిన పనివారి పేర్లు వాటిలో లేవు. బరువు ఎటు దిగాలో, చీల ఎక్కడ పడాలో, దరి ఎంత ఉండాలో వారికి తెలుసు కాబట్టే మహల్ గుమ్మటం ఏ ఇనుప దూలం సాయమూ లేకుండా దాదాపు నాలుగు శతాబ్దాలుగా నిలిచి ఉంది.